సర్ఫ్ గిటార్: తడి శబ్దం, కుడిచేతి పని

రివర్బ్ పెడల్ (శబ్దానికి ప్రతిధ్వని తోక తగిలించేది) కొని, మిక్స్ నాబ్ చివరిదాకా తిప్పి, ఒక కార్డ్ కొట్టి "ఇదేంటి, సర్ఫ్ లాగా లేదు, గుళ్లో మైకులా ఉంది" అనుకునేవాళ్లు చాలామంది. తప్పు పెడల్‌ది కాదు. సర్ఫ్ గిటార్‌లో నీటిచుక్క టప్పున రాలినట్టు వినిపించే ఆ శబ్దానికి రివర్బ్ ఎంత పెట్టామన్నది అంత ముఖ్యం కాదు. రివర్బ్‌లోకి ఏం పంపుతున్నామన్నదే ముఖ్యం. పంపేది కుడిచెయ్యి.

చరిత్ర చూసినా ఇదే వరస. అలల మీద పలకెక్కి జారే సర్ఫర్ల ఈ సంగీతం పొడిగానే, అంటే రివర్బ్ లేకుండానే పుట్టింది. దక్షిణ కాలిఫోర్నియాలో, బాల్బోవా తీరంలో రాందెవూ బాల్‌రూమ్ అనే పెద్ద డ్యాన్స్ హాలుండేది. 1961లో అక్కడ సర్ఫర్ కుర్రాళ్లతో హాలు నింపేసినవాడు డిక్ డేల్. ఆ ఏడాదే వచ్చిన అతని "లెట్స్ గో ట్రిప్పిన్"ని తొలి సర్ఫ్ ఇన్‌స్ట్రుమెంటల్ (గాత్రం లేని పాట) అంటారు. అందులో రివర్బ్ లేనే లేదు. ఉన్నదల్లా గట్టి పికింగ్ (పిక్ ముక్కతో తీగ మీటడం), పెద్ద యాంప్. అంతకు ముందు దారి వేసినవాళ్లూ ఉన్నారు: 1958లో గిటారిస్టులు లింక్ రే, డ్యూయేన్ ఎడ్డీ, 1960లో వెంచర్స్ బ్యాండ్. వెంచర్స్‌ది వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా, వాళ్లని సర్ఫ్ బ్యాండ్ అనాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ తెగదు. నా లెక్కలో కాదు, కానీ వాళ్లు లేకుండా ఈ కథా లేదు.

లియో ఫెండర్ కంపెనీ విడి రివర్బ్ పెట్టెని 1961లో అమ్మకానికి తెచ్చింది. డేల్ దాన్ని మొదట తన గొంతు కోసం కోరుకున్నాడు. తర్వాత గిటార్ అందులోకి వెళ్లింది, రెండేళ్లలో ఆ తడి శబ్దమే సర్ఫ్‌కి గుర్తయిపోయింది. 1963లో శాంతా ఆనా స్కూలు పిల్లల బ్యాండ్ షాంటేస్ "పైప్‌లైన్" అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో 4వ స్థానానికి, సర్ఫారిస్ "వైప్ అవుట్" 2వ స్థానానికి వెళ్లాయి. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికాలో దిగారు, ఆ ఊపు అక్కడితో సరి. 1994లో "పల్ప్ ఫిక్షన్" సినిమా మొదట్లో డేల్ "మిసిర్లూ" వినిపించాక కొత్త తరం మళ్లీ ఈ గిటార్లు పట్టింది.

ఇక పెట్టె లోపల ఏముందో చూస్తే కుడిచేతి సంగతి తేలికగా అర్థమవుతుంది. ఒక రేకు డబ్బాలో సన్నని స్ప్రింగులు బిగించి ఉంటాయి. దాన్నే ట్యాంక్ అంటారు. ఒక చివర కాయిల్ స్ప్రింగ్‌ని కదిలిస్తుంది, రెండో చివర కాయిల్ ఆ కదలికని మళ్లీ సిగ్నల్‌గా మారుస్తుంది. స్ప్రింగ్ గుండా అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకే వేగంతో పోవు. కొన్ని ముందు, కొన్ని వెనక చేరతాయి. అందుకే ఇవతల టక్కుమన్న దెబ్బ అవతల "టియుక్" అని సాగి వస్తుంది. ఆ సాగడాన్నే గిటారిస్టులు డ్రిప్ అంటారు. నోటు మోగుతూనే ఉంటే ఆ మోత కింద డ్రిప్ మునిగిపోతుంది. నోటుని అరచేత్తో నొక్కి వెంటనే చంపేస్తే గిటార్ మౌనంగా ఉంటుంది, స్ప్రింగ్ ఒక్కటే మాట్లాడుతుంది. కిటుకంతా ఇదే.

కాబట్టి అరచెయ్యి ఎక్కడ పెట్టామన్నదే అసలు లెక్క. చిటికెన వేలు వైపు అంచు బ్రిడ్జ్ సాడిల్స్ (స్ట్రింగ్స్ ఆనే చిన్న దిమ్మలు) మీద సగం, స్ట్రింగ్స్ మీద సగం ఆనాలి. సెంటీమీటరు ముందుకి జరిగితే స్వరం పోయి ఉత్త "దబ్" మిగులుతుంది. పూర్తిగా బ్రిడ్జ్ మీదికి వెనక్కి పోతే స్ట్రింగ్ మోగిపోతుంది. నొక్కుడు కూడా తేలికే. ఫెండర్ వాళ్ల జాజ్‌మాస్టర్, జాగ్వార్ లాంటి గిటార్లలో బ్రిడ్జ్ తనంతట తాను ఊగేలా ఉంటుంది. చేతి బరువంతా వేస్తే శ్రుతి పక్కకి పోతుంది.

పిక్ 1 మిల్లీమీటరు లేదా అంతకంటే మందం. వేళ్ల నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి కనిపించాలి. స్ట్రింగ్ కిందికి దిగేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. మెట్రోనోమ్ 80 దగ్గర పెట్టి, అన్నిటికంటే లావైన E స్ట్రింగ్ మీద దెబ్బకి నాలుగు నోట్లు, కింద పైన కింద పైన, నిమిషం పాటు ఆపకుండా కొట్టండి. చెయ్యి బిగుసుకోకపోతేనే 4 పెంచండి. 140 దాటాక ముంజేయి రాయిలా మారడం మామూలే. చాలాసార్లు కారణం బలం చాలకపోవడం కాదు, పిక్ లోతుగా దిగి స్ట్రింగ్‌కి తట్టుకోవడం. 160 దగ్గర సెకనుకి పది నోట్లు దాటతాయి. అక్కడ అర మిల్లీమీటరు తేడా కూడా చేతికి తెలుస్తుంది. ఇంకో తప్పు చెవికి ఆలస్యంగా దొరుకుతుంది: పై దెబ్బ కింది దెబ్బకంటే బలహీనంగా పడటం. అప్పుడు డ్రిప్ కుంటుతుంది, ఒకటి వినిపించి ఒకటి వినిపించదు. ఫోన్లో రికార్డ్ చేసి వింటే వెంటనే పట్టుబడుతుంది.

ఈ సాధనకి "మిసిర్లూ"ని మించిన పాఠం లేదు. తూర్పు మధ్యధరా ప్రాంతంలో ఎన్నో భాషల్లో తిరిగిన పాత బాణీ అది. డేల్ తండ్రివైపు వాళ్లది లెబనాన్. ఊద్ అనే అరబ్ తీగవాద్యం వాయించే దగ్గరి బంధువు ఉండటంతో ఆ మీటుడు అతని చెవుల్లో ముందే ఉంది. మొదలంతా ఒకే స్ట్రింగ్ మీద నడుస్తుంది. లావు E స్ట్రింగ్‌ని షడ్జమం అనుకుని 0, 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్లు వరసగా నొక్కి చూడండి. చిన్నప్పుడు సంగీతం మాస్టారి దగ్గర కూర్చున్నవాళ్లకి నవ్వొస్తుంది. సరళీ స్వరాల మాయామాళవగౌళ స్వరాలే అవి! రాగం అనకూడదు లెండి, గమకం లేదు, సంచారం వేరు. స్వరస్థానాలు మాత్రం అచ్చంగా అవే. 1 నుంచి 4కి, 8 నుంచి 11కి ఉన్న ఆ మూడేసి ఫ్రెట్ల దూకుళ్ల దగ్గరే కొత్తవాళ్ల పికింగ్ తడబడుతుంది. ఎడమచెయ్యి దూకేటప్పుడు కుడిచెయ్యి ఆగిపోతుంది. దానికి ఎడమచెయ్యి సంగతి తెలియనట్టే నడవాలి.

రివర్బ్ పెట్టె మీద మూడు నాబులు. డ్వెల్ అంటే స్ప్రింగుల్ని ఎంత గట్టిగా తోయాలో, మిక్సర్ అంటే ఆ తడి ఎంత కలపాలో, టోన్ అంటే దాని పదును. డ్వెల్ 5, మిక్సర్ 5, టోన్ 6 దగ్గర మొదలుపెట్టండి. హంబకర్ (రెండు కాయిళ్లతో ఎక్కువ సిగ్నల్ ఇచ్చే) పికప్ అయితే డ్వెల్ 3కి దించాలి, లేకపోతే స్ప్రింగులు నిండిపోయి అంతా ముద్ద అవుతుంది. యాంప్‌లోనే వచ్చే రివర్బ్‌కి మామూలుగా ఒకటే నాబ్, డ్వెల్ మన చేతిలో ఉండదు. ట్విన్ రివర్బ్ ఎంత మంచి యాంప్ అయినా విడి పెట్టె డ్రిప్ దానిలో రాకపోవడానికి ఒక కారణం ఇది. పెడల్ కొనేవాళ్లు డ్వెల్ నాబ్ ఉన్నది చూసుకోండి.

గిటార్, తర్వాత రివర్బ్, తర్వాత యాంప్. యాంప్ శబ్దం శుభ్రంగా, చీలకుండా ఉండాలి. అది పగిలితే నోటుకంటే చిన్నగా ఉండాల్సిన స్ప్రింగ్ తోక కూడా నోటంత పెద్దదవుతుంది, బురదే. డేల్ కోసం షోమ్యాన్ యాంపులు, 15 అంగుళాల జేబీఎల్ స్పీకర్లు వచ్చింది ఇందుకే: పెద్ద హాల్లో గట్టిగా మోగాలి, పగలకూడదు. పెట్టెని స్పీకర్ క్యాబినెట్ మీద పెట్టొద్దు. అదురుకి స్ప్రింగులు తమంతట తామే కూస్తాయి. పక్కన స్టూలు, కింద మందపాటి ఫోమ్ ముక్క చాలు.

స్ట్రింగులు 11 సెట్‌కి (సన్న స్ట్రింగ్ మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) తగ్గొద్దు, వీలైతే 12, మూడోది చుట్టుడు స్ట్రింగ్ అయితే మరీ మంచిది. డేల్ 16 నుంచి 60 దాకా వాడేవాడు. పైగా ఎడమచేతివాటం, కుడిచేతి వరసలో బిగించిన గిటార్‌నే తిరగేసి పట్టేవాడు కాబట్టి లావు స్ట్రింగ్ అతనికి కింద ఉండేది. మనకి అంత అవసరం లేదు. 9 సెట్ మాత్రం గట్టి దెబ్బకి శ్రుతి పెరిగిపోయి కిందికి జారుతుంది, జాజ్‌మాస్టర్ మీదైతే సాడిల్ గాడిలోంచి ఎగిరి బయటపడుతుంది కూడా. బ్రిడ్జ్ వెనక స్ట్రింగ్ వంపు చాలా తక్కువ కావడమే కారణం. మెడ బిగించే చోట అర డిగ్రీ షిమ్ (పలచటి వాలు ముక్క) పెట్టి బ్రిడ్జ్ ఎత్తు పెంచితే చాలావరకు కుదురుకుంటుంది.

కార్డ్ కొట్టాక ట్రెమొలో ఆర్మ్‌ని నెమ్మదిగా ముంచి లేపడం కూడా ఈ భాషలో భాగమే. అది కదిలించేది శ్రుతిని, అంటే నిజానికి వైబ్రాటో. యాంప్ మీద వైబ్రాటో అని రాసి ఉన్నది మాత్రం సాధారణంగా వాల్యూమ్‌ని ఊపుతుంది, అది ట్రెమొలో. ఫెండర్ వాళ్లు పేర్లు తారుమారు చేశారు, దశాబ్దాలుగా అందరం అలాగే పిలుస్తున్నాం. ఆర్మ్‌ని వేళ్ల కింద వదులుగా ఉంచుకునే పిక్ చెయ్యాలి. ప్రతిసారీ వెతుక్కుంటే తాళం తప్పుతుంది.

ఇంతా చేసి డ్రమ్మర్ మామూలు రాక్ బీట్ వేస్తే సగం పోయినట్టే. సర్ఫ్ బీట్‌లో రెండో దెబ్బ దగ్గర స్నేర్ డ్రమ్ వెంటవెంటనే రెండుసార్లు, నాలుగో దగ్గర ఒకసారి: దుమ్, త-త, దుమ్, త. మొదట బేస్, డ్రమ్స్, రిథమ్ గిటార్ మూడూ రివర్బ్ లేకుండా పొడిగా వాయించి చూసుకోండి. అప్పుడే పాట పరిగెడుతుంటే లీడ్ గిటారిస్టు పెట్టె ఆన్ చెయ్యొచ్చు.