కారులో ట్యాపెట్ల చప్పుడు: ఇంజిన్ విప్పకుండానే తగ్గింది

మా నాన్నగారు 2005లో కొన్న పెట్రోలు కారు ఇప్పటికీ ఏపీ 09 నంబరుతోనే తిరుగుతోంది. మొన్న చలికాలంలో పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగం నుంచి కుట్టుమిషన్ నడుస్తున్నట్టు టక్ టక్ మని చప్పుడు రావడం మొదలైంది. మొదట రెండు నిమిషాల్లో ఆగిపోయేది; నెల తిరిగేసరికి మలక్‌పేటలో మొదలైన చప్పుడు అబిడ్స్ చేరినా ఆగలేదు.

ఒక గ్యారేజీలో హెడ్ (ఇంజిన్ పైభాగం) విప్పి, వాల్వులను తెరిపించే చిన్న భాగాలైన ట్యాపెట్లన్నీ మార్చాలన్నారు, లేదంటే చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే చప్పుడు వినపడదన్నారు. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అనే పలుచటి రకమే అని స్పష్టంగా ఉండటంతో నేను ఒప్పుకోలేదు.

తెలిసినవారు చెప్పగా ఒక పెద్ద వయసు మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ట్యాపెట్ కవరు మీద ఆనించి, పిడికి చెవి పెట్టి, ఒక్కొక్క చోటా ఓపికగా విన్నారు. పొగ గొట్టం ఇంజిన్‌కు కలిసే చోట ఉండే ఎగ్జాస్ట్ గాస్కెట్ లీకైనా ఇలాగే టక్కుమంటుందని దాన్నీ పరీక్షించారు. తర్వాత ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కింది గీతకు కూడా అందలేదు. ఆయిల్ పోసే మూత తిప్పి చూపిస్తే, లోపల కాటుకలా నల్లటి జిడ్డు పేరుకుని ఉంది.

"ఇంజిన్ కాదు సార్, ముందు ఆయిల్ చూసుకోవాలి" అన్నారాయన. మా కారులో ఉన్నవి హైడ్రాలిక్ ట్యాపెట్లు. వాటి లోపల ఆయిల్ ఒత్తిడితో నిండి ఉంటేనే వాల్వు దగ్గర సందు లేకుండా ఉంటుంది. ఆయిల్ తగ్గినా, సన్నటి దారుల్లో మడ్డి అడ్డుపడినా ఆ సందులోనే చప్పుడు పుడుతుంది. పదివేల కిలోమీటర్లు కాలేదు కదా అని నేను రెండేళ్లు ఆయిల్ మార్చలేదు. ఏడాది గడువు కూడా ఉంటుందని, ఇంజిన్ సరిగ్గా వేడెక్కని చిన్న చిన్న ప్రయాణాలకు ఆయిల్ ఇంకా త్వరగా పాడవుతుందని అప్పుడే తెలిసింది.

మడ్డిని కడిగే ఫ్లషింగ్ ద్రవం పోద్దామని నేను అడిగితే ఆయన వద్దన్నారు. మడ్డి ఒక్కసారిగా ఊడి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోని జాలీకి అడ్డుపడితే ఆయిలే పైకి ఎక్కదన్న ఆయన మాట నాకు చాలా సబబుగా తోచింది. రాణీగంజ్‌లో కంపెనీ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు కొన్నాను. ఇంజిన్ వేడిగా ఉండగానే పాత ఆయిల్ దింపి, 5డబ్ల్యూ-30 పోశారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు 80 వేగంతో ఆగకుండా నడిపాను. 1,500 కిలోమీటర్లకే మళ్లీ ఆయిల్, ఫిల్టరు మార్చాం. దిగిన ఆయిల్ అంత కొద్దికాలానికే నల్లగా మారి ఉండటం చూసి, లోపల మడ్డి కరుగుతోందని మేస్త్రీ సంతోషించారు.

ఇప్పుడు చల్లటి ఉదయాల్లో నాలుగైదు సెకన్లు టక్కుమని ఆగిపోతోంది. ఒక ట్యాపెట్ కొంత అరిగి ఉండవచ్చని, ప్రస్తుతానికి దాన్ని కదపనక్కర్లేదని మేస్త్రీ చెప్పారు.