మెగా రెజీనా, 14వ వారం: పసుపులోంచి మళ్లీ ఎరుపు

నేను కడుతున్న ఓడ మోడల్ మీద, పైన కొట్టిన పసుపులోంచి కింది ఎరుపు మళ్లీ పైకి తేలింది. ఇది నాలుగోసారి. శనివారం రాత్రి పడుకునే ముందు చూస్తే ఎడమవైపు అంతా పండిన నిమ్మకాయ రంగులో ఉంది. ఆదివారం పొద్దున మేడ మీది గది తలుపు తీసేసరికి వెనక భాగంలో 31 సెంటీమీటర్ల పొడవున నారింజ చారలు! టీ కూడా తాగబుద్ధి కాలేదు.

ఈ ఓడను నేను మొదట దాని పాత పేరు మరియెల్లాతో, ఎర్ర రంగులోనే కట్టాను. 1:200 స్కేలు, 177 మీటర్ల ఓడ నా బల్ల మీద 88.5 సెంటీమీటర్లు. ఫిన్లాండ్‌లోని తుర్కులో 1985లో తయారైనప్పుడు ప్రపంచంలో ఇంతకంటే పెద్ద ఫెర్రీ (మనుషుల్నీ బండ్లనీ దాటించే ఓడ) లేదు. వైకింగ్ లైన్ కంపెనీ ఎర్ర రంగుతో ఏళ్ల తరబడి హెల్సింకి, స్టాక్‌హోమ్ మధ్య తిరిగింది, చలికాలంలో బాల్టిక్ మంచును చీల్చుకుంటూ. 2021లో కోర్సికా ఫెర్రీస్ అనే కంపెనీ కొనుక్కుంది. పేరు మెగా రెజీనా అయింది, ఎరుపు పోయి పసుపు వచ్చింది, మంచు పోయి మధ్యధరా ఎండ వచ్చింది. సాగర్‌లో నాగార్జునకొండకు పోయే లాంచీ తప్ప ఇంకే ఓడా ఎక్కనివాణ్ని నేను. అయినా 36 ఏళ్ల ఓడను తుక్కుకు పంపకుండా ఇంకో దేశంవాళ్లు తెచ్చుకుని నడుపుతున్నారని తెలిసిన రోజు నాకు పండగే. అందుకే కొత్త మోడల్ మొదలుపెట్టకుండా, ఉన్న ఎర్ర ఓడకే పసుపు వేస్తున్నాను. అసలు ఓడకు జరిగింది కూడా అదే కదా.

ముందు ఎండను అనుమానించాను. మధ్యాహ్నం మేడ గదిలో 41 డిగ్రీలు. స్ప్రే గన్ నుంచి వచ్చిన రంగు గాల్లోనే ఆరి ఇసుకలా పడుతోంది. పని తెల్లవారుజాము 5 గంటలకు మార్చాను. గరుకు పోయింది, ఎరుపు పోలేదు. తర్వాత ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే అడుగు పూత) పలచనైందేమో అనుకుని తెల్ల ప్రైమర్ రెండు కోట్లు వేశాను. ఒకటిన్నర రోజు బాగానే ఉండి, మళ్లీ చుక్కలు. మూడోసారి గ్రే ప్రైమర్ వాడి చూశాను. దాని మీద పసుపు పచ్చగడ్డి రంగుకు తిరిగింది. పసుపు కింద తెలుపు తప్ప ఇంకేదీ వేయకూడదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

అసలు క్లూ కుడివైపు దొరికింది. అటువైపు ఒక్క మరక లేదు! పాత నోట్‌బుక్ తీసి చూస్తే, కుడివైపు ఎరుపు పాత డబ్బాలోది, ఎడమవైపుది తర్వాత కొన్న చవక డబ్బా. పైన కొట్టే పసుపులోని ఎన్‌సీ థిన్నర్ (రంగును పలచన చేసే ద్రవం) ఆ రెండో ఎరుపును కరిగించి పైకి లాగుతున్నట్టుంది. మరకలు కూడా ఎరుపు మందంగా పడిన చోటే ఉన్నాయి, నీటి గీతకు (ఓడ నీళ్లలో మునిగే మట్టానికి) 2 నుంచి 4 సెంటీమీటర్ల పైన. కోటు మీద కోటు వేస్తే పని కాదని అప్పుడు అర్థమైంది. పైగా మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే ఓడ గోడ మందం 0.4 మిల్లీమీటర్లు పెరిగింది, కిటికీల గాట్లు సగం పూడిపోయాయి.

మా వీధి చివర తలుపులకు పాలిష్ చేసే పెద్దాయనకు చూపించాను. వేలితో రుద్ది, "ఎరుపు ఊకోదు తమ్మీ, ఊరుతనే ఉంటది. ముందుగాల లక్క పాలిష్ కొట్టి మూసెయ్" అన్నాడు. అదే ఎరుపు పూసిన 5 సెంటీమీటర్ల ముక్కలు ఆరు కోశాను. సిల్వర్ పెయింట్ అడ్డం పెట్టిన ముక్కలో లేత గులాబీ ఛాయ వచ్చింది. లక్క రెండు కోట్లు, దాని మీద తెలుపు, దాని మీద పసుపు వేసిన ముక్క తొమ్మిది రోజులైనా మచ్చ లేకుండా ఉంది! ఒక జాగ్రత్త ఉంది: లక్కను స్పిరిట్‌లో కరిగించి రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన ద్రవమే తీసుకోవాలి. అడుగున దిగే మైనం కలిస్తే పై రంగు పట్టదు.

ఇప్పుడు ఎడమవైపు మొత్తం 400 నంబర్ వాటర్ పేపర్‌తో గీకేస్తున్నాను, కిటికీల మధ్య పుల్లకు చుట్టి. రోజుకు 10 సెంటీమీటర్లు సాగితే ఎక్కువ.

పొగగొట్టం అయిపోయింది, బాగా వచ్చింది. రంగు పడకూడని చోటు కప్పడానికి (మాస్కింగ్‌కు) టమియా కంపెనీ టేపు ఖరీదే కానీ అంచు కత్తిలా వస్తుంది, ఇక వేరేది కొనను. కోర్సికా దీవి చిహ్నమైన మూర్ తల (నల్లని మనిషి తల) గుర్తు డెకాల్‌గా, అంటే అంటించే బొమ్మగా, ప్రింటు చేయించాలి.

పసుపు నిలబడితే వానలు పడ్డాక పానగల్ ఉదయ సముద్రం చెరువులో దించి చూస్తాను. ఆ తర్వాత దీని చెల్లెలు ఒలింపియా. 1986లో పుట్టి, 1993 నుంచి పీ అండ్ ఓ కంపెనీ కింద ప్రైడ్ ఆఫ్ బిల్బావోగా నడిచిన ఓడ. దాన్ని మాత్రం మొదటి నుంచీ రెండో పేరుతోనే కడతాను, కింద చుక్క ఎరుపు కూడా లేకుండా.