సబ్జెక్ట్‌లో చిరిగిన అక్షరం

మూడు రోజులుగా వెంటాడిన లోపం ఈ రాత్రి దొరికింది. నేను రాస్తున్న మెయిల్ ప్రోగ్రామ్‌లో లోపలి తెలుగంతా శుభ్రంగా వస్తోంది, సబ్జెక్ట్‌లో మాత్రం ఎక్కడో ఒక అక్షరం పోయి ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. అదీ కొన్ని మెయిళ్లలోనే.

క్యారెక్టర్ సెట్, అంటే ఏ అక్షరానికి ఏ బైట్లు (కంప్యూటర్ దాచుకునే అంకెలు) అన్న పట్టిక, తప్పు పడిందేమో అనుకున్నాను. అలాగైతే మొత్తం పాడవ్వాలి. అన్ని భాషలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 పట్టికతో రాసిన తెలుగును పడమటి యూరప్ భాషల పాత పట్టిక విండోస్-1252తో చదివితే నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’ పదేపదే కనిపిస్తుంది, మన అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కాబట్టి. ఇది అది కాదు.

సబ్జెక్ట్ లాంటి హెడర్లు, అంటే మెయిల్ పైభాగపు వరుసలు, ఆస్కీలో (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులతోనే) ఉండాలన్న పాత పద్ధతి వల్ల సబ్జెక్ట్‌ను బేస్64లోకి, అంటే బైట్లను ఆ గుర్తులతోనే రాసే రూపంలోకి, మార్చి ముక్కలుగా పంపుతాం. ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. ముక్క ఏ పద్ధతిలో ఉందో చెప్పే లేబుల్ పోగా, మూడు బైట్లకు నాలుగు గుర్తుల చొప్పున 45 బైట్లకు చోటుంటుంది. తెలుగులో గుణింతపు గుర్తులతో సహా దేనికైనా 3 బైట్లు, అంటే సరిగ్గా 15 పడతాయి. నా కోడ్ 45 దగ్గర గుడ్డిగా కోసేది. మధ్యలో ఒక్క ఖాళీ వస్తే, అది 1 బైటే, లెక్క పక్కకు జరిగి అక్షరం నడుమ కత్తెర పడేది. ఖాళీలు లేని పొడవాటి పదాలతో పరీక్షించినన్నాళ్లూ నాకు కనిపించకపోవడానికి కారణం అదే. (కొన్ని మెయిల్ సాఫ్ట్‌వేర్‌లు ముక్కలు కలిపాకే చదువుతాయి. వాటిలో ఈ తప్పు తెలియనే తెలియదు.)

అక్షరాన్ని రెండు ముక్కల మధ్య చీల్చకూడదని 1996 నాటి ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2047 స్పష్టంగా చెబుతోంది. ముందే చదవాల్సింది. ఇప్పుడు అక్షరం హద్దు చూసి కోస్తున్నాను. ఇందాకే పొడవాటి తెలుగు సబ్జెక్ట్ ఒకటి పంపుకున్నాను, ఒత్తులతో సహా చెక్కుచెదరకుండా వచ్చింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.