జీడిపూతకు వెళ్తే తుమ్మెద కనిపించింది

ఫిబ్రవరిలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటలకి వెళ్తానంటే ఇంట్లో నవ్వారు, జీడిపిక్కలొచ్చేది ఎండల్లో కదా అని. నేను చూడాలనుకున్నది పూత. పొద్దున్నే విజయనగరంలో పలాస ప్యాసింజర్ ఎక్కి, నౌపడా దాకా కునుకు తీశాను. పలాస స్టేషన్‌కి బావ బండేసుకొచ్చాడు. అక్కడి నుంచి వజ్రపుకొత్తూరు వైపు.

తోటలో అడుగుపెట్టగానే తియ్యటి వాసన. బావ ఒక కొమ్మ వంచాడు. గులాబీ చారల తెల్లపూలు కొత్తగా విచ్చినవి, ఎర్రబారినవి పాతవి. ఒకే గుత్తిలో మగపూలే ఎక్కువ. ఆడా మగా భాగాలు రెండూ ఉండి పిక్క పట్టే ద్విలింగ పూలు కొన్నే. "ఇన్ని పూలకి నాలుగు పిక్కలు నిలబడ్డా గొప్పేనోయ్" అన్నాడు. జీడి పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి పెద్దగా లేవదు. ఈగలో చీమలో తేనెటీగలో ఒంటికి అంటించుకుని మోయాలి. అందుకే పూతమీద మందు కొట్టక తప్పనప్పుడు తేనెటీగలు గూటికి చేరాక, సాయంత్రం కొడతాడట.

అసలు ముచ్చట మాత్రం తోట అంచున, అక్క వేసిన వంగ మడి దగ్గర. బొటనవేలంత నల్ల తుమ్మెద ఒకటి వచ్చి పువ్వుని కాళ్లతో కరుచుకుని వేలాడింది. రెక్కలు ఆడలేదు, ఒళ్లు మాత్రం వణికింది. ఎగిరేటప్పటి మోత కాదది, దానికంటే సన్నటి జుయ్యిమనే శబ్దం. వంగపువ్వు మధ్యలో పసుపుపచ్చ గొట్టాల్లాంటివి ఉంటాయే, పుప్పొడి వాటి లోపల ఉంటుంది. కొసన సూదిమొనంత కన్నాలు. పౌడర్ డబ్బాలా కుదిపితేనే బాగా రాలుతుంది. తుమ్మెద వెళ్లాక చూస్తే కింది ఆకు మీద పచ్చటి పొడి. తేనె ఇచ్చే తేనెటీగకు ఈ విద్య రాదు. వంగపువ్వులో తేనె కూడా ఉండదు, తుమ్మెద వచ్చేది ఆ పొడి కోసమే.

నాకు లోపల గుచ్చుకుంది. మా డాబా మీద పందిరి వెదుళ్లకి తుమ్మెదలు కన్నాలు పెడుతున్నాయని కిందటేడు సిమెంటు కూరేశాను. ఆ ఏడు కుండీల్లో వంగపూత చాలావరకు రాలిపోయింది. ఎండకే రాలిందేమో, తుమ్మెదలు లేకే అని ఒట్టేసి చెప్పలేను.

పాక ముందు ఎండిన జీడిమాను ఒకటి పడుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కూలిందట. ఆ రోజు పోయిన చెట్ల లెక్క చెప్పబోయి బావ మధ్యలోనే ఆపేశాడు. మాను పక్కన వేలు దూరేంత గుండ్రటి కన్నం, దాని కింద రంపపు పొట్టు. తుమ్మెద ఇల్లు అదే. లోపల పుప్పొడి ముద్ద పెట్టి, దానిమీద గుడ్డు పెట్టి, చెక్కపొట్టుతోనే అడ్డుగోడ కట్టేస్తుంది. తర్వాత ఇంకో గది.

భోజనాలయ్యాక ఆ మాను మీదే కూర్చున్నాం.

"కాస్త జరగరా, దానికి దారి వదులు" అంది అక్క.

జరిగాను. తిరుగు రైల్లో దులుపుకుంటే ప్యాంటు నుంచి పొట్టు రాలింది.