64 హెడ్లా, 255 హెడ్లా

ఆదివారం. బల్ల మీద పాత పెంటియం పెట్టె. పోయిన హార్డ్ డిస్కు స్థానంలో 2 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు, మధ్యలో ఐడీఈ అడాప్టరు (పాత హార్డ్ డిస్కు కేబుల్‌కి కార్డుని తగిలించేది). కార్డుని ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ రీడర్‌తో తగిలించి అక్కడే పార్టిషన్, ఫార్మాట్ చేసి తెస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. డాస్ (పాత ఆపరేటింగ్ సిస్టమ్) మొదలవుతుంది కూడా. ఇంకాస్త లోపలికి వెళ్లాకే ఫైళ్లు చెత్తగా వస్తాయి.

కార్డు మంచిదే, లెక్కలో తేడా. డిస్కులో ప్రతి చోటుకీ సిలిండర్, హెడ్, సెక్టర్ అనే మూడు నంబర్లతో చిరునామా ఉంటుంది. ఈ కార్డు తనది 3970 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టర్లు అంటుంది. పాత బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే డిస్కుని గుర్తించే బోర్డు ప్రోగ్రాం) సిలిండర్ నంబరుకి 10 బిట్లే, 1024 దాటదు. అలాగే వదిలేస్తే 504 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. అందుకే ఎల్‌బీఏ అనే పెద్ద డిస్కుల మోడ్‌లో బయాస్ సిలిండర్లని నాలుగో వంతుకి కుదించి, హెడ్లని నాలుగింతలు చేస్తుంది: 992/64/63. ల్యాప్‌టాప్‌కి ఈ బయాస్ సంగతి తెలియదు. తన అలవాటు ప్రకారం 255 హెడ్లు వేసేస్తుంది: 249/255/63.

చిక్కేమిటంటే, మొదటి 4032 సెక్టర్ల దాకా రెండు లెక్కలూ ఒకటే. పార్టిషన్ మొదలయ్యే 63వ సెక్టర్ (సున్నా నుంచి లెక్కిస్తే) రెండిట్లోనూ సిలిండర్ 0, హెడ్ 1, సెక్టర్ 1. అందుకే డాస్‌ని మొదలుపెట్టే బూట్ సెక్టర్ దొరుకుతుంది. అదే సిలిండర్ 1, హెడ్ 0, సెక్టర్ 1 అంటే? 255 లెక్కలో 16065వ సెక్టర్, 64 లెక్కలో 4032వది!

అందుకే పార్టిషన్ చేయాల్సింది పాత పెట్టెలోనే. ముందు ల్యాప్‌టాప్‌లో కార్డు మొదటి 64 సెక్టర్లని సున్నాలతో నింపాలి. మొదటి ఒక్కటే తుడిస్తే 63లో పాత బూట్ సెక్టర్ అలాగే మిగులుతుంది, అందులోని 255 మళ్లీ నెత్తినెక్కొచ్చు. తర్వాత కరెంటు ఆపి కార్డు బిగించి, బయాస్‌లో ఆటో డిటెక్ట్, ఎల్‌బీఏ, సేవ్. ఫ్లాపీతో బూట్ చేసి, డిస్కుని విభజించే డాస్ ప్రోగ్రాం ఎఫ్‌డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్ చేసి యాక్టివ్ పెట్టాలి. సైజు 1950 ఎంబీకి అటూఇటూగా రావాలి. 504 వస్తే ఎల్‌బీఏ పడలేదన్నమాట. రీస్టార్ట్ చేశాకే ఫార్మాట్ సీ, స్లాష్ ఎస్ (డాస్ సిస్టమ్ ఫైళ్లతో సహా).

నమ్మకం కుదరకపోతే డాస్‌లోని డీబగ్ ప్రోగ్రాంలో ఎల్ 100 2 0 1 (సీ డ్రైవ్ బూట్ సెక్టర్‌ని చదవడానికి), తర్వాత డి 118 (చూపించడానికి) కొట్టి చూడొచ్చు. మొదటి నాలుగు బైట్లు 3ఎఫ్ 00 40 00 ఉండాలి, హెక్స్ (పదహారు ఆధారంగా రాసే) లెక్కలో అంటే 63 సెక్టర్లు, 64 హెడ్లు. 40 స్థానంలో ఎఫ్ఎఫ్, అంటే 255 కనిపిస్తే మళ్లీ సున్నాల దగ్గరికే.

ఇంత చేశాక కూడా బోర్డు మీద బ్యాటరీ నీరసిస్తే బయాస్ సెట్టింగులు చెరిగి, మోడ్ నార్మల్‌కి, అంటే 16 హెడ్లకి జారిపోవచ్చు. కొత్త సీఆర్2032 బ్యాటరీ వేసి, మూత లోపల స్టిక్కర్ మీద పెన్నుతో రాసి పెట్టడమైంది: ఎల్‌బీఏ, 992/64/63.