ఇంప్లాంట్ స్క్రూ ఎందుకు వదులవుతుంది? నీట్ ఎండీఎస్‌కి నేను చదివిన తీరు

మాది చీమకుర్తి. నాన్న క్వారీ టిప్పర్లకు మెకానిక్. దంతవైద్యంలో పీజీ సీటు కోసం రాసే నీట్ ఎండీఎస్‌కి ఇంట్లో ఉండే చదువుకున్నాను.

240 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే 1 పోతుంది. మాక్ టెస్టుల్లో ఇంప్లాంట్ (పోయిన పన్ను చోట దవడ ఎముకలో పెట్టే కృత్రిమ వేరు) ప్రశ్నల దగ్గరే నాకు మైనస్‌లు పడేవి. అంకెలన్నీ కంఠతా వచ్చు. టైటానియం మాడ్యులస్ (సాగకుండా, వంగకుండా నిలిచే గుణం) 110 గిగాపాస్కల్స్, పింగాణీలాంటి జిర్కోనియాది 200 పైనే, అబట్‌మెంట్‌ని (ఇంప్లాంట్‌కీ పైన పెట్టే పన్నుకీ మధ్య ముక్క) బిగించే స్క్రూకి టార్క్, అంటే తిప్పే బలం, సాధారణంగా 30–35 న్యూటన్ సెంటీమీటర్లు. కానీ బంగారు పూత స్క్రూ గురించి అడిగితే, బంగారం మెత్తన కదా, త్వరగా వదులవుతుందని పెట్టేసేదాన్ని.

ఒకరోజు నాన్నకు క్యారేజీ ఇద్దామని షెడ్డుకెళ్లాను. టైరు మార్చిన బండిని పంపిస్తూ, "ఒక ట్రిప్పు తిరిగొచ్చాక నట్లు మళ్లీ బిగించుకో అబ్బాయ్, మర్చిపోమాక" అంటున్నాడు. ఇప్పుడేగా బిగించావు నాన్నా అంటే, "కొత్తగా బిగించింది సర్దుకుంటదమ్మా. తుప్పు బోల్టయితే ఇంకా మోసం. రెంచికి బిగిసినట్టే ఉంటది, చక్రాన్ని మాత్రం పట్టదు" అన్నాడు.

ఆ రాత్రి ఆ చాప్టర్ మళ్లీ తీశాను. బిగించినప్పుడు స్క్రూ రవ్వంత సాగుతుంది. సాగింది వెనక్కి లాక్కునే బలమే ప్రీలోడ్, అబట్‌మెంట్‌ని అదిమి పట్టేది అదే. మనం పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. టైటానియం మీద టైటానియం ఒరుసుకుని పట్టేస్తుంది, నాన్న చెప్పిన తుప్పు బోల్టు లాగే. బంగారు పూత అక్కడ పొడి గ్రీజులా పనిచేసి, అదే టార్క్‌కి ఎక్కువ ప్రీలోడ్ ఇస్తుంది. ఇక బిగించిన కాసేపటికి స్క్రూ మర మీది గరుకు నలిగి చదునవుతుంది, ప్రీలోడ్‌లో 2–10 శాతం జారిపోతుంది. 10 నిమిషాలాగి మళ్లీ అదే టార్క్ పెట్టమనేది అందుకే.

జిర్కోనియా దగ్గర మాత్రం జాగ్రత్త. గట్టిది కాబట్టి స్క్రూ కదలదనే ఆప్షన్ నన్ను రెండుసార్లు ముంచింది. గట్టి జిర్కోనియా అబట్‌మెంట్ తనకంటే మెత్తనైన టైటానియం ఇంప్లాంట్‌ని లోపల అరగదీస్తుంది. సందు వస్తే కదలిక, కదలిక వస్తే స్క్రూ వదులు. జిర్కోనియాని టైటానియం బేస్ మీద అతికించేది ఇంప్లాంట్‌కి లోహమే తగలాలని.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రోస్థో (కట్టుడు పళ్ల విభాగం) పోస్టింగ్ అయిపోకముందే మీ మేడమ్‌నో సార్‌నో అడిగి, మోడల్ మీద ఒక స్క్రూని ముందు వేళ్లతో బిగించండి. ఇక తిరగదనుకున్నాక టార్క్ రెంచి పెట్టి, 30 వచ్చేసరికి ఇంకా ఎంత తిరుగుతుందో చూడండి.