డిసెంబర్ 1 వాన, డిసెంబర్ 2 లెక్క

దేశస్థాయి వాతావరణ మార్పు నివేదికలో భారీ వర్షాల అధ్యాయానికి డేటా సరిచూసే పని చెన్నైలోని మా బృందానికి వచ్చింది. రాయడం పెద్దవాళ్ల పని. స్టేషన్ల అంకెలు వడకట్టడం, రివ్యూలో వచ్చే ప్రతి కామెంట్‌కీ జవాబు సిద్ధం చేయడం నా వంతు.

2015 చెన్నై వరదల దగ్గరే తలనొప్పి మొదలైంది. సగటుకు మరీ దూరంగా ఉన్న అంకె కనిపిస్తే మా ప్రోగ్రామ్ ఎర్రరంగు వేస్తుంది. తాంబరంలో ఒక్కరోజు వాన 49 సెంటీమీటర్లు అని చూసి వెంటనే వేసేసింది. భారీ వర్షాల అధ్యాయంలో అలాంటి అంకెనే తీసేస్తే ఇక రాయడానికి ఏం మిగులుతుంది? పక్క స్టేషన్లు చూశాం. చెంబరంబాకం 47, మీనంబాకం 35, నుంగంబాకం 29. "ఆ రాత్రి మేం తాంబరంలోనే ఉన్నాం, ఇంకా అనుమానమేంటమ్మా?" అన్నారు మా నెల్లూరు సార్. ఆయన సాక్ష్యం ఎక్కించడానికి షీట్‌లో కాలమ్ లేదు గానీ, అంకె మాత్రం నిలబడింది.

నిజానికి నాకు పెద్ద అంకెల కంటే సున్నాలంటేనే భయం. వాన పడలేదని రాసిన సున్నా, కొలతే తీయని రోజున ఖాళీ గడిలో ఎవరో నింపేసిన సున్నా, చూడటానికి రెండూ ఒక్కటే. నవంబరులో చుట్టుపక్కల వాన కొలిచే గేజ్‌లన్నీ తడిసిపోతుంటే ఒక్కటి మాత్రం వారమంతా సున్నా చూపిస్తోందంటే అక్కడ ఆగి చూడాల్సిందే.

తర్వాత రివ్యూ. వాతావరణ మార్పు మీద నివేదికలిచ్చే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీలో చేసినట్టే ఎక్సెల్ షీట్: పేజీ, ఏ లైను నుంచి ఏ లైను దాకా, కామెంట్, మా జవాబు. 2021లో వచ్చిన ఐపీసీసీ నివేదికకు 78,000కు పైగా కామెంట్లు వచ్చాయట. మావి అందులో ఏ మూలకీ రావు, అయినా టెన్షన్ తప్పలేదు. "అధ్యాయం బాగుంది" అన్న కామెంట్‌తో ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలీదు. పనికొచ్చింది ఒక పొట్టి కామెంట్: "చిత్రంలో వాన డిసెంబర్ 2న చూపించారు. కురిసింది 1న కదా?"

రెండూ నిజమే. వాతావరణ శాఖ ఉదయం 8.30కి గేజ్ చూసి, అంతకుముందు 24 గంటల వానను ఆ రోజు తేదీ కింద రాస్తుంది. ఉపగ్రహం రోజువారీ లెక్కేమో గ్రీన్విచ్ అర్ధరాత్రి, అంటే మన ఉదయం 5.30 నుంచి మొదలవుతుంది. అందుకే ఉపగ్రహం అరగంట అంకెలను మేం 8.30 నుంచి 8.30కి కూడి స్టేషన్ల అంకెలతో పోల్చాం. చిత్రం కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ సంగతిని ఇప్పుడు పేరా మొదటి వాక్యంగా తెచ్చాం.

రివ్యూ ఎడిటర్ గారు ఎవరిది ఒప్పో తేల్చరు. ప్రతి ప్రశ్నకూ జవాబు ఉందా లేదా అన్నదే చూస్తారు. "గమనించాం" అని ఒక్క ముక్క రాస్తే షీట్ వెనక్కి వస్తుంది. ఈ పట్టుదల ఊరికే కాదు. హిమాలయాల హిమానీనదాలు 2035కల్లా కరిగిపోవచ్చన్న తప్పు మాట 2007 ఐపీసీసీ నివేదికలో దూరింది. దాని మీద రివ్యూలో ప్రశ్నలు వచ్చినా సరిగా పట్టించుకోలేదని 2010లో జరిగిన సమీక్షలో తేలింది.

మాకు చివరిదాకా మిగిలిన పేచీ ఒక్కటే. భారీ వర్షాలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్న ధోరణిని 1951 నుంచి ఎందుకు లెక్కగట్టారు, 1901 నుంచి ఎందుకు కాదు? పాత రోజుల్లో స్టేషన్లు తక్కువ, మధ్య ఖాళీలను అంచనాతో పూడ్చాలి అని కారణం రాశాం. 1901 లెక్క కూడా అనుబంధంలో పెట్టాం. ఆ కామెంట్ రాసినాయనకు నచ్చలేదు, రెండో విడతలోనూ అదే అడిగారు. అదే జవాబు ఇంకాస్త పొడుగ్గా రాసి పంపాం. ఎడిటర్ గారు సరేనన్నారు.